గాటు పాతదని చెప్పిన అవుసుల వీరాచారి

నకిరేకల్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను బస్సులో ఉన్నాను. వీరాచారి గారి పెద్దకూతురు భాగ్యలక్ష్మి మాట్లాడింది. "సారూ, మా నాయిన పొద్దుగాల పోయిండు" అంది. ఎలా అని అడిగాను. "చాయ తాగిండు. గోడకు ఒరిగి కూసున్నడు. గ్లాసు కింద పెట్టిండు. గట్లనే పోయిండు. ఎవ్వలనూ తిప్పలవెట్టలే" అంది. నేను దిగవలసిన స్టాపు దాటిపోయిన సంగతి ఆ తర్వాత చాలాసేపటికి గాని తెలియలేదు.

దుఃఖం కలిగింది. దాని వెనకే ఊరట కూడా కలిగింది. పెద్దమనిషి పోయాడని తెలిసిన రోజున ఊరట అనే మాట రాయడం అమర్యాదే. కానీ దాన్ని దాచి ఆయన గురించి రాస్తే అది ఆయనకే నచ్చదు. ఆయన ఒక నాలుగు నెలలు ముందు పోయి ఉంటే ఈ వ్యాసం రాసే అర్హత నాకు ఉండేది కాదు. నా వల్ల ఒక కుటుంబానికి జరిగిన అన్యాయాన్ని ఆయన చూస్తుండగానే, ఆయన పక్కనే నిలబడి సరిదిద్దుకోగలిగాను. ఆ అవకాశం ఆయన కల్పించిందే.

నల్లగొండ వైపు కంసాలిని అవుసులాయన అంటారు. వీరాచారి గారు అలాంటి అవుసులాయన. నకిరేకల్ బజారులో ఒక మనిషి కాళ్ళు చాపుకుంటే నిండిపోయే దుకాణం ఆయనది. ఒక కుంపటి, ఒక ఊదుగొట్టం, గాజుపెట్టెలో త్రాసు. చౌటుప్పల్‌లో అద్దాల షోరూములు వచ్చాక పెద్ద పనులు అటే పోయాయి. ఆయన దగ్గరికి తెగిన గొలుసులు, వదులైన మెట్టెలు, పల్లెల వాళ్ళ పుస్తెలు వచ్చేవి. "షోరూము కొత్తది అమ్ముతది సారూ. తెగినదాన్ని జూసేటోడు గూడ ఒకడుండాలె గద" అనేవాడు. దీన్ని ఫిర్యాదుగా అనేవాడు కాదు, తన వృత్తి ఏమిటో చెప్పినట్టు అనేవాడు.

నా ఉద్యోగం పాత నాణేలు చదవడం. తెలంగాణ వచ్చిన కొత్తలోనే ఈ పనిలోకి వచ్చాను. ఎక్కడైనా నాణేలు బయటపడితే వెళ్ళి చూసి, ఏ రాజువో, ఏ కాలానివో గుర్తించి, వాటి విలువను గురించి నివేదిక రాయాలి. ఈ జిల్లాల్లో రోము నాణేలు దొరకడం కొత్త కాదు. ఒకప్పుడు సముద్రం దాటి వచ్చిన బంగారం కృష్ణా ఒడ్డు దాటి మన ఎర్రచెలకల దాకా నడిచింది. ఈ మాటను నేను ఎన్ని సభల్లో చెప్పానో లెక్కలేదు. ఎంతో తెలిసినవాడిలా చెప్పాను.

నకిరేకల్‌కు కొంత దూరంలో ఒక ఊరు. అక్కడ ఉండే మరియమ్మ అనే ఆమె వద్దంది కనుక దాని పేరు రాయను. ఉపాధి హామీ పనిలో కందకం తవ్వుతుంటే మరియమ్మ గడ్డపార కింద ఒక కుండ పగిలింది. అందులో మట్టితో గట్టిపడిన నాణేలు ఉన్నాయి. మరియమ్మ, ఆమె భర్త ఏసోబు కూలి మీద బతికే మనుషులు. వాళ్ళు ఆ కుండను పెంకులతో సహా తువ్వాలలో మూటగట్టుకొని, కూలీల పని చూసే మేట్‌ను వెంటబెట్టుకొని, ఆ మధ్యాహ్నమే తహసీల్ ఆఫీసుకు తెచ్చి ఇచ్చారు. వాళ్ళను ఎవరూ అడగలేదు. తెమ్మని ఎవరూ చెప్పలేదు.

మర్నాడు నన్ను పిలిచారు. బల్ల మీద వార్తాపత్రిక పరిచి నాణేలు పోశారు. బంగారు నాణేలు, ఒకవైపు చక్రవర్తి తల. చాలావాటి మీద ఆ ముఖానికి అడ్డంగా ఒక గాటు ఉంది. ఉలి పెట్టి కొట్టినట్టు లోతైన గాటు. ఒక విలేకరి అడిగాడు, "ఈ గాట్లేంది సార్?" అని. నేను నాణేన్ని పైకెత్తి తిప్పి చూశాను. రెండు క్షణాలు కూడా చూసి ఉండను. "దొరికినవాళ్ళు బంగారమా కాదా అని కోసి చూసి ఉంటారు. ఇలాంటివి మామూలే" అన్నాను.

మరియమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "మేము కొయ్యలే సారూ. మట్టి గూడ దులుపలే" అంది. "నువ్వాగమ్మా" అన్నాను.

మరుసటి రోజు పత్రికలో నా పేరుతో ఆ మాట వచ్చింది. కోశారంటే ఇంట్లో పెట్టుకున్నారనే కదా, ఇంట్లో పెట్టుకున్నారంటే కొన్ని దాచుకొని ఉంటారు కదా అని ఊరు లెక్క వేసుకుంది. ఏసోబును ఠాణాకు పిలిచారు. ప్రతి సోమవారం వచ్చి కూర్చోమన్నారు. ఒక ఆదివారం భార్యాభర్తలు ప్రార్థనకు పోయి వచ్చేసరికి వాళ్ళ ఇంటి వెనక జాగా అంతా ఎవరో తవ్విపోయారు. పనిలో మరియమ్మ పక్కన నిలబడటానికి తోటి ఆడవాళ్ళు జంకారు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. తెలుసుకోవడానికి నేను ప్రయత్నించలేదు కూడా.

బంగారం నాణ్యత చెప్పడానికి తహసీల్దారు వీరాచారి గారిని పిలిపించారు. ఆయనను నేను చూడటం అదే మొదలు. తెల్ల పంచె, నెరిసిన మీసం, భుజాన బట్టసంచి. రాగానే నాణేలు చూడలేదు, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు అడిగాడు. కడుక్కొని, పంచె కొంగుతో తుడుచుకొని, మళ్ళీ గాలికి ఆరబెట్టుకొని అప్పుడు కూర్చున్నాడు.

"గీటురాయి తేలేదా చారీ?" అన్నారు తహసీల్దారు.

"తెచ్చిన సారూ. సంచిల ఉంది. సంచిలనే ఉంటది."

"మరి ఎట్ల జెప్తవు?"

"రాయి మీద గీస్తె జరంత బంగారం రాయికి అంటుతది. గిన్ని ఏండ్లు భూమిల ఉన్నా తరుగలే. నేనొచ్చి తరుగదియ్యాల్నా?"

ఒక్కో నాణేన్ని ముందు గాలిలో తూచాడు. తర్వాత పట్టుదారం కట్టి గ్లాసు నీళ్ళలో వేలాడదీసి తూచాడు. రెండు తూకాల తేడాను బట్టి కల్తీ ఎంతో తేలుతుంది. గీటురాయి మీద అరగంటలో అయ్యే పని మూడు రోజులు పట్టింది. తహసీల్దారు విసుక్కున్నారు, ఆయన విననట్టే ఉన్నాడు.

ఆ మూడు రోజులు నేను ఆయనకు ఎదురుగా కూర్చొని నా జాబితా రాసుకున్నాను. నేను అంచున ఉన్న అక్షరాలు చదివి చక్రవర్తుల పేర్లు రాస్తుంటే, ఆయన తన సౌకర్యం కోసం కుప్పలు పెట్టుకున్నాడు. వాటికి పేర్లు కూడా పెట్టాడు. ఒకడు బట్టతలాయన, ఒకడు మెడలావాయన, ఒకడు ఆకులదండాయన. నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. "మీ లెక్కల ఏం పేరు సారూ గీ మెడలావాయనకు?" అని అడిగి, నేను చెప్పింది విని, "నోరు తిరుగది. మెడలావాయననే మంచిగుంది" అన్నాడు. చివర్లో ఆయన కుప్పలను నా జాబితాతో సరిపోల్చాం. రెండు నాణేల దగ్గర తేడా వచ్చింది. ఆ రెండింటిలోనూ తప్పు నాదే.

నాలుగు నాణేలను మాత్రం ఆయన ఏ కుప్పలోనూ వేయలేదు. "గివి ఆడికెల్లి వచ్చినయి గావు. మనోళ్ళే చేసిండ్రు" అన్నాడు. నేను అప్పటికే వాటికి ఒక చక్రవర్తి పేరు రాసేశాను. ఎలా చెప్తున్నావన్నాను. తన భూతద్దం ఇచ్చాడు. "అక్షరాలు జూడు. చదువొచ్చిన చెయ్యి గాదది. అక్షరాన్ని బొమ్మ లెక్క జూసి చెక్కిండు. నేను ఉంగరం మీద ఇంగ్లీషు పేరు గట్లనే చెక్కుత, అందుకే ఎరుక." చూశాను. ఆ అక్షరాలకు అర్థమే లేదు. అక్కడ లేని పేరును, ఉండాలని నేను అనుకున్న పేరును, ఎంతో నమ్మకంగా చదివేశాను. అప్పుడే నాకు భయం వేయవలసింది.

మూడో రోజు పని అయిపోయింది. తహసీల్దారు భోజనానికి లేచాక వీరాచారి గారు సంచి సర్దుకోలేదు. "సారూ, గాట్లు ఆ ఆలుమొగలు పెట్టిండ్రని పేపర్ల వచ్చిందట గద. మీరే చెప్పిండ్రట" అన్నాడు. అవునన్నాను.

ఆయన తన వేలి ఉంగరం తీశాడు. సంచిలోంచి చిన్న ఉలి, సుత్తి తీసి, బల్ల మీద చెక్కముక్క పెట్టి, ఉంగరం మీద ఒక్క దెబ్బ కొట్టాడు. నేను "అయ్యో" అన్నాను. "నాదేలే సారూ" అని, దూది పింజ ఒకటి తీసి ఆ గాటు మీదుగా లాగాడు. పోగులు చిక్కుకున్నాయి. కొత్తగా తెగిన బంగారానికి అంచు పదునుగా ఉంటుంది. తర్వాత గాటు ఉన్న నాణెం ఒకటి తీసుకొని అదే దూదిని దాని మీద లాగాడు. నీటి మీద లాగినట్టు జారిపోయింది. ఇంకొకటి, మరొకటి. ఎక్కడా ఒక్క పోగు నిలవలేదు.

"అంచు అరిగింది. కోసినంక గిది శాన చేతులు మారింది. అటెన్క భూమిలకు వోయింది. గాటు అడుగుకు జూడు, సున్నం పెచ్చు బొమ్మ మీద ఎట్లుందో గాట్ల గూడ గట్లనే ఉంది. నిన్న మొన్న కోస్తె పెచ్చు యాడికెల్లి వస్తది?"

భూతద్దం తీసుకొని గాటు అడుగు చూశాను. ఆయన కొనసాగించాడు. "ఇంకోటి. బంగారమా కాదా అనుకున్నోడు అంచు మీద గీకుతడు. మొఖం మీద కొయ్యడు. మరియమ్మకే గాదు, నాకు గూడ అంత ధైర్యం లేదు. గిది రాజు మొఖమని తెలిసినోడే కోసిండు. మన రాజ్యంల పరాయి రాజు మొఖం నడువొద్దనో, ఏమనో. అది మీకెరుకుండాలె."

నాకు ఎరుకే. నా సిగ్గంతా అక్కడే ఉంది. మన దేశంలో దొరికిన రోము నాణేల మీద ఇలాంటి గాట్లు ఉంటాయని, అవి ప్రాచీనమైనవని నేను విద్యార్థిగా చదివాను, పరీక్షలో రాశాను. పుస్తకంలో చూసినప్పుడు ఆ గాట్లు పాతవే. కూలి మనుషుల తువ్వాలలోంచి వచ్చినప్పుడు అవే గాట్లు నా కంటికి కొత్తవిగా కనిపించాయి. నేను నాణెం వైపు చూడనేలేదు. దాన్ని తెచ్చిన చేతుల వైపు చూశాను.

నివేదికలో సరిగానే రాశాను. గాట్లు ప్రాచీనమైనవి, అంచుల అరుగుదలే అందుకు సాక్ష్యం అని శాస్త్రీయంగా, నా సొంత పరిశీలనగా రాశాను. వీరాచారి గారి పేరు తూకాల దగ్గర మాత్రం వచ్చింది. నివేదిక పై ఆఫీసుకు పోయింది, బీరువాలో చేరింది. పత్రికకు గాని, ఠాణాకు గాని, మరియమ్మకు గాని నేను ఒక్క మాట చెప్పలేదు. ఆ ఏడాది నా పదోన్నతి ఫైలు నడుస్తోంది. నాణేలు చదివే అధికారి నాణెం చదవలేకపోయాడని వార్త వస్తుందని భయపడ్డాను.

వారానికొకసారి ఆయన ఫోన్ చేసేవాడు. క్షేమసమాచారాలు అడిగి, చివర్లో ఒకే ప్రశ్న వేసేవాడు.

"చెప్పినవా సారూ?"

"రిపోర్టులో రాశాను చారిగారూ."

"రిపోర్టు మరియమ్మ చదువుతదా?"

ఒకసారి ఆ ఫోన్ ఎత్తలేదు. తర్వాత రెండోసారి కూడా ఎత్తలేదు.

అప్పుడు ఆయన తానే ఆ ఊరికి వెళ్ళాడు. అప్పటికే దగ్గుతో, ఆయాసంతో ఉన్నాడు. ఆదివారం ప్రార్థన వదిలే వేళకు చర్చి అరుగు మీద కూర్చొని, గాటు పెట్టిన ఉంగరం, దూది చూపిస్తూ వచ్చినవాళ్ళకల్లా విషయం చెప్పాడట. వాళ్ళు ఎగతాళి చేశారు. ఒకడు, "అవుసులోడు తల్లి ముక్కుపుడకల గూడ ఇంత బంగారం తీస్తడంటరు, నీ మాట ఎట్ల నమ్మాలె తాతా?" అన్నాడట. ఈయన ఏమాత్రం నొచ్చుకోకుండా, "మా అవ్వకు ముక్కుపుడకనే లేకుండె బిడ్డా, యాడికెల్లి తియ్యాలె?" అన్నాడట. అందరూ నవ్వారు గాని ఎవరూ నమ్మలేదు. ఏసోబు ఒక్కడే లేచి, "నువ్వు మంచోనివి గని, కోసిండ్రని చెప్పింది సారు. సారే వచ్చి కొయ్యలేదనాలె" అన్నాడట.

ఆ సాయంత్రం వీరాచారి గారు వేరే నంబరు నుంచి ఫోన్ చేశాడు. "సారూ, నా మాట సరిపోలే. నీ మాటనే గావాలె" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. త్రాసు ఎటు వాలిందో చెప్పినట్టు చెప్పాడు. కోప్పడి ఉంటే నేనూ కోప్పడి తప్పించుకునేవాణ్ణేమో. వచ్చే ఆదివారం వస్తానన్నాను.

నకిరేకల్‌లో కలుసుకొని ఆటోలో వెళ్ళాం. దారిలో ఆయన ఒక్క సలహా ఇచ్చాడు. "సంజాయిషీ చెప్పుకోకు సారూ. వాళ్ళు కొయ్యలే, తప్పు నాది. గంతే. అటెన్క ఊకో." నేను తలూపాను. ఊపినా, ప్రార్థన అయ్యాక పాస్టరు గారు నన్ను ముందుకు పిలిచినప్పుడు, "ఆ రోజు ఉన్న పరిస్థితుల్లో, తొలి పరిశీలనలో" అని మొదలుపెట్టాను. వెనక అరుగు మీద ఆయన దగ్గాడు. అది జబ్బు దగ్గు కాదని నాకు అర్థమైంది. ఆపాను. "మరియమ్మ, ఏసోబు ఆ నాణేలను కోయలేదు. ఆ గాట్లు చాలా పాతవి. నేను సరిగా చూడకుండా మాట్లాడాను. తప్పు నాది" అన్నాను.

పని మేట్ లేచాడు. "మరి గిన్ని దినాలు ఏం జేసిండ్రు సారూ?"

"భయపడ్డాను" అన్నాను.

మరియమ్మ అప్పటిదాకా తలవంచుకొని ఉంది. తలెత్తింది. "భయం మాకుండాలె గని, నీకెందుకు సారూ?" అంది. ఆమె క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు. "గీ మాట ఠాణల గూడ చెప్తవా?" అని మాత్రం అడిగింది.

అక్కడి నుంచే నలుగురం ఠాణాకు వెళ్ళాం. తెల్లకాగితం మీద నా చేత్తో రాసి సంతకం చేశాను. ఎస్సై చదివి, "ఇంత చిన్న ముచ్చట ముందే చెప్పుంటే ఎప్పుడో అయిపోవు గద సార్" అన్నాడు. నిజమే, చాలా చిన్న ముచ్చట. ఏసోబు అడిగాడు, "అయితె రేపు సోమారం రావొద్దా సారూ?" అని. రావొద్దన్నారు. బయటికి వచ్చాక మళ్ళీ లోపలికి వెళ్ళి, "వచ్చే సోమారం గూడ రావొద్దా?" అని అడిగి వచ్చాడు. వచ్చి మెట్ల మీద కూర్చొని, ఎందుకో తెలియకుండానే నవ్వడం మొదలుపెట్టాడు. మరియమ్మ "లే, నవ్వింది చాలు" అని కసురుకుంటూ తానూ నవ్వింది. వీరాచారి గారు వాళ్ళ పక్కనే మెట్టు మీద కూలబడి ఆయాసం తీర్చుకున్నాడు. ఎదుటి హోటలు నుంచి చాయలు తెప్పించాను. ఆ మెట్ల మీద కూర్చొని తాగినప్పుడు, ఎన్నో నెలలుగా ఛాతీ మీద మోస్తున్న రాయిని ఎవరో దించినట్టయింది.

పత్రికలో సవరణ లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లో వచ్చింది. "చిన్నగ వేసిండ్రు గని వేసిండ్రు" అన్నాడు ఆయన. సవరించిన నివేదికలో గాట్లు ప్రాచీనమని తేల్చింది ఎవరో పేరుతో సహా రాసి, ఆ పేజీ ఆయనకు చదివి వినిపించాను. "ఉంగరం ముచ్చట గూడ రాసినవా?" అని అడిగాడు. రాశానన్నాను. "అది ఎందుకు సారూ, అతుకవెట్టుకుంట గద" అన్నాడు. అతుకు పెట్టుకున్నాడో లేదో అడగడం నాకు తోచలేదు.

ఇప్పుడు కోస్గి వైపు ఒక చెలకలో నాణేలు దొరికాయని కబురు వచ్చింది. వెళ్ళాలి. తూకానికి యంత్రాలు వచ్చాయి, బంగారాన్ని తాకకుండానే నాణ్యత చెప్పే పరికరాలు ఉన్నాయి, చదువుకున్న కుర్రవాళ్ళు ఉన్నారు. కానీ నాణెం ముట్టుకునే ముందు నీళ్ళు అడిగే మనిషి లేడు. నేను చెప్పింది తప్పని నా ఎదుట, తన సొంత బంగారం చెడగొట్టుకొని మరీ, నన్ను చిన్నబుచ్చకుండా చూపించేవాడు లేడు. వారానికొకసారి అదే ప్రశ్న అడిగేవాడు లేడు. ఈ చోటును భర్తీ చేయడానికి ఏ ఆఫీసులోనూ ఉత్తర్వు వెలువడదు.

పదకొండో రోజు నకిరేకల్ వెళ్ళాను. ఇంటి ముందు టెంటు వేసి భోజనాలు పెట్టారు. మరియమ్మ, ఏసోబు వచ్చారు. నేను వాళ్ళకు ఎదుటి వరుసలో కూర్చున్నాను. వడ్డించే చుట్టాలావిడ ఒకామె మరియమ్మ ముందు ఆగి, "మీరు చారి తాతకు ఏమైతరమ్మా?" అని అడిగింది.

"ఏం గాము" అంది మరియమ్మ, అందరికీ వినపడేట్టుగా. "మాకు బంగారం దొరికింది. తీస్కవోయి ఆఫీసుల ఇచ్చినం. మేము కొయ్యలేదని ముందుగాల చెప్పింది చారి తాతనే."

వరుసలో ఎవరూ తిరిగి చూడలేదు. ఎవరూ గుసగుసలాడలేదు. చుట్టాలావిడ "అట్లనా" అని, ఆమె విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసి ముందుకు కదిలింది. ఆ మాటను అంత మామూలుగా అనగలిగే రోజును మరియమ్మకు తెచ్చిపెట్టి వెళ్ళిన అవుసుల వీరాచారి గారికి నా నమస్కారం.